తెల్లచీటీలో నాన్న సంపాదన

పొద్దు పొడిచి అట్టే సేపు కాలేదు. మదనపల్లె, నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్. గేటు దగ్గర బొలెరోలు, ట్రాక్టర్లు, లగేజీ ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. పక్కకు తిరిగితే గానీ మీరు లోపలికి పోలేరు. కాళ్ల కింద నలిగిన కాయల రసం, దానిమీద మట్టి, చెప్పులు జారుతున్నాయి. హమాలీలు ప్లాస్టిక్ పెట్టెలు దించి మండీ ముందు వరసలు పేరుస్తున్నారు. రైతులు తమ వరస దగ్గరే కూర్చుని పై కాయలు తిప్పి పెడుతున్నారు, మచ్చ పడినవి ఏరి పారేస్తున్నారు. పాట మొదలైంది. పాడేవాడు ముందు, కొనేవాళ్లు చుట్టూ. గుంపంతా ఒక వరస నుంచి ఇంకో వరసకు కదులుతోంది. మూడు నెలల కష్టానికి రేటు తేలడానికి అర నిమిషం కూడా పట్టడం లేదు.

మీ పక్కనున్న ఆమెకు పాటతో పని లేదు. ఆమె కళ్లు మండీ గుమాస్తా చేతిమీద ఉన్నాయి. పాట తెగగానే ఆయన చిన్న పుస్తకంలోంచి ఒక తెల్లచీటీ చింపుతాడు. రైతు పేరు, పెట్టెలెన్ని, పెట్టె ఎంతకు పోయింది, అందులో కమీషను, హమాలీ, బండి బాడుగ ఎంత, చివర్న చేతికొచ్చేది ఎంత. అన్నీ నాలుగు వేళ్ల వెడల్పు కాగితం మీద, బాల్‌పెన్నుతో. రైతు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఆ చొక్కా ఉతుక్కి పోయేసరికి చీటీ కూడా పోతుంది.

ఆమె మొగుడు కాయ వేసేది ఈ మండీలోనే.

ఆమెకు పేరు పెట్టడం లేదు, ఎందుకంటే ఆమె ఒక మనిషి కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టు వరండాల్లో బిడ్డను పక్కన పెట్టుకుని పిలుపు కోసం చూసే ఆడవాళ్ల కథలు చాలావరకు ఒకటే. వాటన్నిటినీ కలిపితే ఈమె. పుంగనూరు దగ్గర పల్లెలో పుట్టింట ఉంటోంది. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను. కొడుకు ఎనిమిదో తరగతి. వాడి కోసమే మెయింటెనెన్స్ కేసు వేసింది. మొగుడు వేసిన కౌంటర్లో ఆదాయం నెలకు ఐదు వేలని ఉంది. ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కోర్టుకు తెలియాలి.

"అన్నా, మా ఇంటాయన పేరు మీద ఈ సీజన్లో ఎన్ని పెట్టెలొచ్చినాయో చెప్తావా?"

గుమాస్తా తలెత్తి చూశాడు. ఆమె ఎవరో ఆయనకు తెలుసు. "నేనెట్ల చెప్పేదమ్మా? ఎవురి లెక్క వాళ్లది. ఇట్ల చెప్పినానని తెలిస్తే ఓనరు నన్ను ఉంచుతాడా?" కాసేపాగి గొంతు తగ్గించాడు. "కోర్టు నుంచి కాగితం తెచ్చుకో. అప్పుడు పుస్తకం తీసుకరావాల్సిందే కదా."

ఆ మాటకు ఆమె మొహం వాడింది గానీ, నిజానికి ఆయన దారి చెప్పాడు. ఈ సంత నుంచి పట్టుకుపోవాల్సింది ఆ ఒక్క మాటే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి. ఇంత డబ్బు చేతులు మారుతున్న చోట జీఎస్టీ బిల్లు ఒక్కటీ కనిపించదు. అందులో తప్పేమీ లేదు, తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు. సేద్యం మీద వచ్చే రాబడికి ఇన్‌కంటాక్స్ కూడా లేదు. కాబట్టి రిటర్ను వేయాల్సిన అవసరమూ రాదు. నెల జీతగాడైతే జీతం చీటీ ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది, కోర్టు ఒక ఉత్తరం రాస్తే ఆఫీసే లెక్క పంపిస్తుంది. రైతుకు, మండీ ఓనరుకు, లారీ ఓనరుకు, ఫొటో స్టూడియో వాడికి అలాంటిదేమీ లేదు. సంపాదన ఎంతో వాళ్లు చెప్పిందే లెక్క.

అలాగని ఈ మార్కెట్లో జాడలు లేవనుకోవద్దు. ప్రతి రోజూ ఏ రకం కాయ ఎంత పలికిందో మార్కెట్ కమిటీ రాసి పెడుతుంది, పేపర్లో వేస్తారు. 2023 జులై ఆఖర్లో ఇక్కడ మొదటి రకం కిలో రూ.200 దగ్గరికి పోయిన సంగతి దేశమంతా చూసింది. అంతకు ముందూ ఆ తర్వాతా కోత కూలి కూడా రాక కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. ఏ రోజు రేటు ఎంతో దాచలేరు. దాగేది ఒక్కటే, ఆ రోజు ఈ మనిషి ఎన్ని పెట్టెలు వేశాడన్నది. అది ఆ పుస్తకంలో ఉంది.

పుంగనూరు బస్సెక్కుదాం. పదకొండుకు పిలుపు.

లాయరమ్మ ఆఫీసు కోర్టుకు దగ్గర్లోనే, మెడికల్ షాపు పైన ఒక గది. ఆమె ఫీజు తీసుకోవడం లేదు. మండల న్యాయ సేవల కమిటీ తరఫున వచ్చిన లాయరు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100కి ఫోను చేసినా దారి చెప్తారు. ఈ సంగతి తెలియక కమ్మలు కుదువ పెట్టి కేసు వేసిన వాళ్లు ఎందరో.

టేబుల్ మీద రెండు కట్టలున్నాయి. మొదటిది ఆమెది. ఆదాయ, ఆస్తుల అఫిడవిట్. అడిగే మనిషి కూడా తన లెక్క చెప్పాల్సిందే. అందులో కుట్టుపని మీద వచ్చేది రాయాల్సిన చోట ఆమె ఖాళీ వదిలేసింది.

"ఇది రాస్తే నాకు తగ్గిస్తారు కదా మేడం?"

"రాయకుంటే ఆయన లాయరు నీ మిషను ఫొటో చూపిస్తాడు. అప్పుడు నువ్వు చెప్పిన నిజాలు కూడా నమ్మరు. ఎంతొస్తుంది?"

"పండగలప్పుడు తొమ్మిది, పది. మామూలప్పుడు ఐదారు వేలు."

"అదే రాయి. దారం, కరెంటు తీసేసి రాయి."

నాకు ఈ సలహా చాలా నచ్చింది. ఎదుటివాణ్ని పుస్తకం తెరవమనే ముందు మన పుస్తకం తెరిచి పెట్టాలి. పైగా బిడ్డ ఇద్దరిదీ. తల్లీ తండ్రీ ఇద్దరూ సంపాదిస్తుంటే ఎవరి సంపాదనను బట్టి వాళ్లు పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2000లో పద్మజా శర్మ కేసులోనే చెప్పింది. ఆమె ఆరు వేలు, ఆయన అరవై వేలు అయితే ఆ తేడా లెక్కలోకి రావాలి. రావాలంటే రెండు అంకెలూ నిజమై ఉండాలి.

రెండో కట్ట ఆయనది. మీరే తిప్పి చూడండి. ఇది మామూలు అఫిడవిట్ కాదు, సేద్యగాళ్ల కోసం సుప్రీంకోర్టు విడిగా ఇచ్చిన నమూనా. 2020 నవంబర్ 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పుతో పాటు వచ్చింది. ఆ కేసు మహారాష్ట్రది. కొడుకు పుట్టిన కొత్తలో, 2013లో, తల్లి ఇల్లు వదిలి వచ్చింది, ఆ ఏడాదే కోర్టుకు పోయింది. మధ్యంతర భరణం గొడవ సుప్రీంకోర్టులో తేలేసరికి ఆ బిడ్డకు ఏడేళ్లు. బళ్లో చేరే వయసు కూడా దాటింది. ఆ ఆలస్యం చూసి దేశం మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలని జడ్జిలు నమూనాలు రాసి ఇచ్చారు. ఉద్యోగులకు, వ్యాపారులకు, పట్నాల వాళ్లకు ఒకటి, సేద్యం చేసేవాళ్లకు ఒకటి, మేఘాలయకు ఒకటి.

సేద్యగాళ్ల నమూనాలో ప్రశ్నలు చదివితే, రాసినవాళ్లకు పల్లె తెలుసనిపిస్తుంది. భూమి ఎంత, అందులో నీ వాటా ఎంత. తడా మెట్టా. ఏడాదిలో ఏయే పంటలు పెట్టావు. పోయిన మూడేళ్లలో ఏమొచ్చింది. కౌలుకు ఏమైనా తీసుకున్నావా. ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లు, తేనెటీగలు ఎన్ని, వాటి మీద ఎంతొస్తుంది. భూమి మీద అప్పులేమున్నాయి. మూడేళ్ల రాబడి అడగడం నాకు అన్నిటికన్నా సబబుగా తోచింది. టమోటా రైతును 2023 జులై చూసి కొలిస్తే వాడికి అన్యాయం, కాయ పారబోసిన నెల చూసి కొలిస్తే బిడ్డకు అన్యాయం.

ఆయన జవాబులు ఇవి. భూమి ఎకరంన్నర, మెట్ట. కౌలు లేదు. పశువులు లేవు. ఆదాయం నెలకు ఐదు వేలు. అప్పులు అన్న చోట మాత్రం పెన్ను బాగా కదిలింది. సొసైటీలో లోను, చేబదుళ్లు, పుంగనూరులో మందుల అంగడికి రూ.3,40,000 బాకీ. అంగడి బిల్లులు కూడా జత చేశాడు. మల్చింగ్ షీటు, డ్రిప్పు పైపులు, నారు, ఎరువులు, పురుగుమందులు.

లాయరమ్మ ఆ బిల్లులు ఒక్కొక్కటే తిప్పుతోంది. ఆమె వేలు నారు బిల్లు మీద ఆగింది.

"ఎకరాకు టమోటా నారు ఎన్ని వేలు నాటుతారు మీ పక్క?"

ఆమె ఆలోచించి చెప్పింది. "కట్టె పెట్టి పెంచేదైతే ఆరేడు వేలు. సాలు దగ్గరైతే ఎనిమిది."

"ఈయన ముప్పై ఐదు వేల నారు కొన్నాడు."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లెక్క మీకూ తెలుస్తోంది. ఎకరంన్నర మెట్టలో ముప్పై ఐదు వేల మొక్కలు పట్టవు. నాలుగైదు ఎకరాలు కావాలి, నీళ్లు కావాలి. అంటే కౌలు ఉంది, బోరు ఉంది. ఆదాయం లేదని చూపడానికి పెట్టిన బిల్లే సేద్యం ఎంతో చెప్పేసింది. సొంత పనివాడి విషయంలో అప్పుల పట్టిక ఎప్పుడూ మొదట చదవాలి. ఐదు వేల ఆదాయం ఉన్నవాడికి మూడు లక్షల సరుకు ఏ అంగడివాడూ అరువు ఇవ్వడు.

"కౌలు ఎవరి భూమి?"

"మా చిన్నమామది రెండెకరాలు. పక్కూరి రెడ్డిది ఇంకొక రెండు. మాటమీద చేస్తాడు, కాగితం లేదు."

కాగితం లేకున్నా ఇంకో జాడ ఉంది. పంట పెట్టిన ప్రతి సీజన్లో రైతు సేవా కేంద్రం వాళ్లు ఈ-క్రాప్ నమోదు చేస్తారు. ఏ సర్వే నంబర్లో ఏ పంట, ఎన్ని సెంట్లు, సాగు చేసేది ఎవరు అని అందులో ఉంటుంది. పంట నష్టం సాయం రావాలన్నా, బీమా రావాలన్నా అదే ఆధారం. కాబట్టి అక్కడ సాగుదారు తన పేరు పెట్టించుకోవడానికే చూస్తాడు. సాయం కోసం చెప్పిన ఎకరాలు ఒకటి, కొడుకు కోసం చెప్పిన ఎకరాలు ఒకటి అయితే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవమని కోర్టును అడగడమే మిగిలింది.

పశువుల మాట. "పశువులు లేవు" అని రాసిన చోట ఆమె గోరు పెట్టి గీసింది. "నాలుగు జెర్సీ ఆవులుండాయి మేడం. ఒక పుంగనూరు ఆవు కూడా. అది నేనున్నప్పుడే తెచ్చినాడు." పాలు ఎవరి పేరు మీద పోస్తారని అడిగితే, అవ్వ పేరు మీద అంది. పాల డబ్బులు అవ్వ బ్యాంకు అకౌంట్లో పడతాయి.

పుంగనూరు ఆవు సంగతి ఈ ఊళ్లో విడమరిచి చెప్పనక్కర్లేదు. నడుమెత్తు పొట్టి ఆవు, ఒకప్పుడు కనుమరుగయ్యే దశకొస్తే పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుకున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయి. ఇప్పుడు మంచి దూడ లక్షల్లో పలుకుతోంది. అలాంటిదొకటి కొట్టంలో ఉంటే అది రాబడే కాదు, ఆస్తి కూడా. నమూనాలో దానికి గడి ఉంది.

అయితే లాయరమ్మ ఇక్కడ తొందరపడలేదు. "అవ్వ పేరు మీద వచ్చే డబ్బు అవ్వదే అయ్యుండచ్చు. ముసలామె పాలు పిండుకుని బతకడం తప్పా? ఆవులు కొన్నదెవరు, దాణాకు డబ్బులిచ్చేదెవరు, అకౌంట్లో పడింది ఎవరు తీస్తున్నారు, అవే అడుగుదాం. ఆయన చెప్పిందాన్ని బట్టి కోర్టు చూసుకుంటుంది."

పదకొండు దాటింది. కోర్టు వరండా. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో ఈ కేసులు ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ ముందే నడుస్తాయి. చెక్కు కేసులు, కొట్లాట కేసులు, మద్యం కేసులు, వాటి మధ్యలో మెయింటెనెన్స్ కేసు. 2024 జులై 1 దాకా ఇది 125 కేసు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. వరండాలో అందరూ ఇప్పటికీ 125 అనే అంటారు. ఒకప్పుడు ఈ సెక్షన్ కింద నెలకు రూ.500 దాటి ఇవ్వడానికి లేదు. ఆ కట్టు 2001లో తెగింది.

ఆయన కూడా వచ్చాడు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కొడుకు తండ్రి వైపు చూసి, మళ్లీ తల్లి వైపు చూసి, నేల చూపులు చూస్తున్నాడు. బడి మానిపించి తేవద్దని లాయరమ్మ చెప్పింది, అయినా ఇంట్లో ఎవరూ లేక తెచ్చుకుంది.

ఆయన దగ్గరికి కూడా పోదాం. చేతిలో ఫోను, అందులో ఫొటోలు. చేను గట్టున గుట్టగా పోసిన కాయ, ఈగలు. "చూడండి సార్. పెట్టె నూరు రూపాయలు కూడా పోలేదు. కోసినోళ్ల కూలి నేను ఎదురిచ్చినా. వీళ్లు నేను కోట్లు సంపాదిస్తాండానని రాసినారు." ఆ ఫొటోలు అబద్ధం కావు. గొంతులో ఉన్న కడుపుమంట కూడా నిజమే. ఆ పంటలో ఆయన మునిగాడు. అంతకు ముందు పంటలో మిగిలింది, అందులోనే కొత్త బండి కొన్నాడు. రెండూ ఒక కాగితం మీదికి వస్తే ఆయనకూ మేలే. లెక్క తెరిచి పెట్టిన రైతుకు నష్టం వచ్చిన ఏడాది తగ్గించమని అడిగే దారి చట్టంలో ఉంది. దాచినవాడు ఆ మాట ఏ మొహంతో అడుగుతాడు?

బంట్రోతు పిలిచాడు. అందరూ లోపలికి.

మీరు వెనక బెంచీ మీద కూర్చోండి. ముందు రెండు వరసలు లాయర్లవి. ఆయన లాయరు లేచి, క్లయింటు చిన్న రైతు, రిటర్నులు లేవు, ఆదాయానికి రుజువు చూపాల్సింది పిటిషనరే అన్నాడు. చాలా కోర్టుల్లో చాలా ఏళ్లు ఈ మాటే నిలిచింది. పిటిషనరు దగ్గర రుజువు లేక వెయ్యో రెండు వేలో వేసి పంపించారు.

లాయరమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. తనకు మాత్రమే తెలిసిన సంగతిని తనే చెప్పాలి, అది సాక్ష్య చట్టంలో ఎప్పట్నుంచో ఉంది. పాత చట్టంలో 106, కొత్తదాంట్లో 109. ఏ మండీలో ఎన్ని పెట్టెలు వేశాడో భార్యకు ఎట్లా తెలుస్తుంది? తర్వాత నారు బిల్లు చూపించింది. ఆయన ఇచ్చిందే, ఆయన సంతకంతోనే. మేజిస్ట్రేట్ కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. తలెత్తి నేరుగా ఆయన్నే అడిగారు.

"ఎన్ని ఎకరాల్లో పెట్టావయ్యా?"

"ఎకరంన్నర సార్."

"ముప్పై ఐదు వేల నారు ఎకరంన్నరలో నాటినావా?"

జవాబు రాలేదు. ఆయన లాయరు ఏదో చెప్పబోయి ఆగాడు. ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మంది రైతులే, వేరే కేసుల్లో వచ్చినవాళ్లు. వాళ్లకు ఏ వాదనా అక్కర్లేకపోయింది.

లాయరమ్మ మూడు అడిగింది. మండీ పుస్తకాలు, పాల కేంద్రం లెక్కలు తెప్పించాలి. ఆయన మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు వేయాలి. తాము రాసిచ్చే ప్రశ్నలకు ఆయన ప్రమాణం మీద జవాబివ్వాలి. 2020 తీర్పు ఈ దారులన్నీ తెరిచే ఉంచింది. అఫిడవిట్ వేయడానికి నాలుగు వారాలు, ఆలస్యం చేస్తే రెండు అవకాశాలకు మించి ఇవ్వొద్దు, కావాలని ఎగ్గొడితే వాదన కొట్టేయవచ్చు. అబద్ధం రాస్తే విడిగా నేర విచారణ, కోర్టు ధిక్కారం కూడా. మధ్యంతర భరణం పిటిషన్ నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది.

ఈ గడువులు ఎంత బాగా ఉన్నాయో అంత తక్కువగా అమలవుతున్నాయి. అఫిడవిట్లు వేయించకుండానే భరణాలు తేల్చేస్తున్నారని సుప్రీంకోర్టే 2023 నవంబర్లో అదితి వర్సెస్ జితేశ్ శర్మ కేసులో బాధపడి, తీర్పు మళ్లీ అన్ని కోర్టులకూ పంపించింది. నమూనా జిరాక్సు షాపులో దొరుకుతుంది, గడులు నింపి సంతకం పెట్టేస్తారు, ఎవరూ చదవరు. చదివే లాయరు, అడిగే మేజిస్ట్రేట్ దొరికిన రోజున ఏమవుతుందో ఇప్పుడు చూశారు కదా. నన్ను అడిగితే, ఈ కేసుల్లో కొత్త చట్టం కంటే ముందు కావాల్సింది ఆ గడుల్ని ఎవరో ఒకరు నింపాదిగా చదవడం.

ఆర్డరు ఆ రోజు రాలేదు. కాగితాలు తెప్పించడానికి సమన్లు ఇమ్మన్నారు. వాయిదా పడింది. ఎప్పుడొచ్చినా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలి, అది కూడా 2020 తీర్పు తేల్చిందే. బయటికి రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఎంతొస్తుంది మేడం?"

దానికి ఎవరూ ఒక్క ముక్కలో చెప్పలేరు. ఇంగ్లండులో ఇందుకు ఒక ప్రభుత్వ సంస్థే ఉంది. తండ్రి ఆదాయం నేరుగా పన్నుల శాఖ నుంచి తీసుకుని, మధ్యరకం ఆదాయమైతే ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16 శాతం అని లెక్క కడుతుంది. అక్కడ కూడా సొంత వ్యాపారం వాళ్ల దగ్గరే ఆ లెక్క తడబడుతుంది. మన దగ్గర శాతం లేదు. భార్య భరణం విషయంలో నికర జీతంలో 25 శాతం న్యాయమని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది, దాన్ని పట్టుకుని వరండాల్లో అందరూ పావు వంతు అంటారు. పావు సరే, దేంట్లో పావు? ఐదు వేలల్లో పావైతే పన్నెండు వందల యాభై. బిడ్డ స్కూలు బస్సుకు చాలదు.

కుప్పం ఇంకో రోజు. పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. దిగగానే తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడతాయి. ఇక్కడి నుంచి బంగారుపేట మీదుగా బెంగళూరుకు రైల్లో పనికి పోయి వచ్చేవాళ్లు చాలామంది. ఇటు దాటితే కృష్ణగిరి. తండ్రి రాష్ట్రం మారితే వారెంటు తిరగడానికి నెలలు పడుతుంది. తల్లి మాత్రం తానున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు.

ఇక్కడి తండ్రికి గ్రానైట్ దిమ్మెలు తోలే లారీ ఉంది. రిటర్ను వేస్తాడు. పెద్ద లారీకి బండి మొత్తం బరువులో టన్నుకు నెలకు రూ.1,000 చొప్పున ఆదాయం వచ్చినట్టు చూపి పన్ను కట్టేయొచ్చు, పది బండ్ల దాకా పుస్తకాలు రాయనక్కర్లేదు. 35 టన్నుల బండి అయితే నెలకు రూ.35,000. అది పన్ను కోసం కట్టిన అంచనా. ఇంటికి వచ్చేది అంతకన్నా ఎక్కువ కావచ్చు, బండి మూలపడిన నెలలో తక్కువా కావచ్చు. రిటర్ను చూసి నిజమైన ఆదాయం తేలదని, కాపురం కోర్టుకెక్కిన చోట తక్కువ చేసి చూపే అలవాటు ఉంటుందని 2022లో కిరణ్ తోమర్ కేసులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ అన్నారు. ఇక్కడ తల్లి లాయరు రిటర్ను పక్కన పెట్టి ఫాస్టాగ్ స్టేట్‌మెంటు అడిగాడు. నిలబడిపోయిందని చెప్పిన నెలల్లో ఆ బండి కృష్ణగిరి టోలు ఎన్నిసార్లు దాటిందో అందులో వరసగా ఉంది.

ఆ కేసులో ఆర్డరు వచ్చి ఏళ్లయింది. ఇప్పుడు గొడవ బాకీది. మూడు నెలలు కట్టాడు, మానేశాడు. కుప్పం కోర్టు వరండాలో లాయరు తెల్ల కాగితం మీద నెలవారీ పట్టిక గీస్తున్నాడు. ఏ నెల ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ.

"బాకీ పడిన ఏడాదిలోపలే వారెంటు అడగాలమ్మా. అది దాటితే ఈ దారి మూసుకుంటుంది. ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వేయొచ్చు, జైలుకు పోయినా బాకీ తీరిపోదు."

"జైల్లో పెడితే బండి తోలేదెవురన్నా? మాకు కావాల్సింది డబ్బులు కదా."

"అందుకే ముందు బండి జప్తుకు అడుగుతాం. బండి పోతుందంటే చాలామంది డబ్బు తెస్తారు."

ఆమె పక్కన కూతురు నిలబడి పట్టిక చూస్తోంది. పదో తరగతి అయిపోయింది, జూన్లో ఇంటర్. ఆర్డరు ఇచ్చినప్పుడు ఆ పిల్ల ఏడో తరగతి, కోర్టు మొత్తం అప్పటి ఫీజులకు సరిపడా వేసింది. పరిస్థితి మారితే పెంచమని అడగొచ్చు, 146 సెక్షన్. దాంతో తండ్రి కొత్త అఫిడవిట్ వేయాలి, ఈసారి ఫాస్టాగ్ లెక్క ముందే చేతిలో ఉంది. మామూలుగా పద్దెనిమిదేళ్లకు 144 కింద బిడ్డ హక్కు అయిపోతుంది. ఆడబిడ్డకు పెళ్లయ్యేదాకా 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద అడిగే వీలుంది, దానికి వేరే దావా వేసుకోవాలి.

"రెండూ ఒకేసారి వేద్దాం," అన్నాడు లాయరు. "బాకీది ఒకటి, పెంచమని ఒకటి. ఇంటర్ కాలేజీలో ఫీజు ఎంతో రాసిచ్చిన కాగితం, హాస్టలుదైతే హాస్టలుది, సోమవారంలోగా తెచ్చియ్యి పాపా."

పిల్ల బ్యాగులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది.